కారు నడపడం వచ్చినా మళ్లీ నేర్చుకున్నాను: బ్రిటన్ డ్రైవింగ్ టెస్ట్, నా అనుభవం

ఇండియా నుంచి బ్రిటన్ వచ్చిన మనవాళ్లలో చాలామందికి డ్రైవింగ్ టెస్ట్ గుర్తొచ్చేది పదకొండో నెలలో. ఇక్కడ నివాసం మొదలుపెట్టిన రోజు నుంచి 12 నెలల పాటు మన ఇండియా లైసెన్స్‌తోనే కారు నడుపుకోవచ్చు. ఆ గడువు దాటిందంటే ఇక ఆ కార్డు ఇక్కడ పనికిరాదు. ఆస్ట్రేలియా, కెనడా, జపాన్, సింగపూర్ లాంటి కొన్ని దేశాలవాళ్లు తమ లైసెన్స్ ఇచ్చేసి బ్రిటిష్ లైసెన్స్ తీసుకోవచ్చు. ఆ జాబితాలో ఇండియా లేదు. అక్కడ ఎన్నేళ్లు నడిపినా సరే, ఇక్కడ ప్రొవిజనల్ లైసెన్స్ (మన లెర్నర్ లైసెన్స్ లాంటిది) తీసుకుని, థియరీ రాసి, ప్రాక్టికల్ పాసవ్వాల్సిందే.

నేను హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ కారులో వెళ్లొచ్చినదాన్ని. వానాకాలంలో రోడ్డు మీద నీళ్లు నిలిచినా, ఫ్లైఓవర్ ఎక్కేచోట హాఫ్ క్లచ్ మీద పావుగంట నిలబడాల్సి వచ్చినా కంగారుపడలేదు. పైగా ఇక్కడ కూడా స్టీరింగ్ కుడివైపే, బండి నడిచేది ఎడమవైపే. అమెరికా వెళ్లినవాళ్లలా అంతా తిరగేసి నేర్చుకోవాల్సిన పని లేదు. అయినా ప్రాక్టికల్‌కి తయారవడానికి నాకు నెలలు పట్టింది. ఆ నెలలన్నీ దాదాపు ఒకే విషయానికి సరిపోయాయి: రోడ్డు మీద చూడటం నేర్చుకోవడానికి. మనవాళ్లకి పనికొస్తుందని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ప్రొవిజనల్ సంగతి తేలిక. ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు కట్టి అప్లై చేస్తే కార్డు పోస్టులో ఇంటికొస్తుంది. థియరీ ఫీజు 23 పౌండ్లు. 57 నిమిషాల్లో 50 ప్రశ్నలు, అందులో 43 సరిగ్గా రాయాలి. అది చదువుకుంటే వచ్చేస్తుంది. దాని వెంటనే ఉండే హజార్డ్ పర్‌సెప్షన్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రోడ్డు మీద కారులోంచి కనబడే దృశ్యాలు 14 వీడియోల్లో చూపిస్తారు. ప్రమాదం మొదలవుతోందనిపించగానే మౌస్ నొక్కాలి. ఎంత ముందు పసిగడితే అన్ని మార్కులు, మొత్తం 75కి 44 వస్తే పాస్. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి మనిషి దాటబోతుంటాడు, పార్క్ చేసిన కారు తలుపు తెరుచుకోబోతుంటుంది, పక్క సందులోంచి సైకిల్ వస్తుంటుంది. మనం ఇలాంటివి రోజూ చూసి చూసి ఉన్నాం కాబట్టి అవి ప్రమాదాలుగా అనిపించవు. మనిషి నిజంగా బండి ముందుకొచ్చాకే కాలు బ్రేక్ మీదకి వెళ్లడం మన అలవాటు. వీడియోలో అప్పుడు నొక్కితే మార్కులు పోయినట్టే. ప్రాక్టికల్‌లో అడిగేది కూడా సరిగ్గా ఇదేనని నాకు తర్వాత అర్థమైంది.

అసలు టెన్షన్ ప్రాక్టికల్ టెస్ట్ స్లాట్ దగ్గర. ప్రాక్టికల్ ఫీజు మామూలు పనిరోజుల్లో 62 పౌండ్లు, సాయంత్రాలూ శని ఆదివారాలూ అయితే 75. కొత్త తేదీలు సోమవారం పొద్దున్న ఆరింటికి వెబ్‌సైట్‌లో వదులుతారు, 24 వారాల ముందు దాకా. ఆరింటికి లాగిన్ అయితే ముందు క్యూలో నిలబెడుతుంది, మన వంతు వచ్చేసరికి దగ్గర్లో తేదీలు ఉండవు. దొరికిన దూరపు తేదీ తీసుకుని, ఎవరైనా వదులుకున్న తేదీ కోసం మధ్యమధ్యలో చూస్తూ ఉండటమే నేను చేసింది. బయట స్లాట్లు రెండు మూడు రెట్ల ధరకి అమ్మేవాళ్లున్నారు, వాళ్ల జోలికి వెళ్లొద్దు. తేదీ మార్చుకోవాలంటే కనీసం పది పూర్తి పనిదినాల ముందు చెప్పాలి, లేకపోతే ఫీజు పోతుంది. థియరీ పాసైన రెండేళ్లలోపు ప్రాక్టికల్ పూర్తికాకపోతే థియరీ మళ్లీ రాయాలి. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: దిగిన మొదటి నెలలోనే ప్రొవిజనల్‌కి అప్లై చేయండి. ఏడాది ఉంది కదా అనుకుంటే ఆ ఏడాది స్లాట్ కోసం ఎదురుచూడటానికే చాలదు.

నా తేదీ దగ్గరికొచ్చేసరికి నా 12 నెలలు దాటిపోయాయి. అంటే కారుకి ముందూ వెనకా ఎర్రటి ఎల్ ప్లేట్లు పెట్టుకోవాలి, పక్కన 21 ఏళ్లు నిండి, మూడేళ్లుగా ఫుల్ లైసెన్స్ ఉన్నవాళ్లు కూర్చోవాలి, లెర్నర్‌గా విడిగా ఇన్సూరెన్స్ ఉండాలి. మావారికి లైసెన్స్ వచ్చి మూడేళ్లు కాలేదు. మా వీధి వెనకాల ఉండే వరంగల్ అక్క, ఆసుపత్రిలో నర్సు, నైట్ డ్యూటీ లేని రోజుల్లో వచ్చి నా పక్కన కూర్చునేది. ఆ అక్కకి నేను ఎంత రుణపడి ఉన్నానో మాటల్లో చెప్పలేను.

మేముండేది మిల్టన్ కీన్స్‌లో. లండన్‌కి వాయవ్యాన, 1967లో కొత్త పట్నంగా ప్రకటించి కట్టిన ఊరు. మ్యాప్ చూస్తే చుక్కల ముగ్గులా ఉంటుంది: గీతలన్నీ రోడ్లు, చుక్క చుక్కకీ ఒక రౌండబౌట్, అంటే మధ్యలో గుండ్రటి దిమ్మ ఉన్న కూడలి. అడ్డంగా పోయే రోడ్లకి హెచ్, నిలువుగా పోయేవాటికి వీ అని నంబర్లు. హెచ్6 చైల్డ్స్ వే, వీ7 సాక్సన్ స్ట్రీట్ అని ఇక్కడివాళ్లు అలాగే చెప్పుకుంటారు. ఊళ్లో రౌండబౌట్లు నూటముప్పై దాకా ఉంటాయంటారు. ఈ గ్రిడ్ రోడ్లలో చాలావాటి మీద స్పీడు పరిమితి గంటకి 60 మైళ్లు, డివైడర్ ఉన్న రోడ్డయితే 70. అంటే ఊరి నడిమధ్యన మన లెక్కలో దాదాపు వంద కిలోమీటర్ల వేగం. రోడ్డు దిగి కాలనీలోకి తిరిగితే అక్కడ 30, రెండు పక్కలా పార్క్ చేసిన కార్లు, వాటి మధ్య నుంచి పరిగెత్తే పిల్లలు. టెస్ట్‌లో ఈ రెండు రకాల రోడ్లూ వస్తాయి. మీరు ఏ ఊళ్లో ఉన్నా టెస్ట్ సెంటర్ చుట్టుపక్కల రోడ్ల స్వభావం ముందు తెలుసుకోండి. మా సెంటర్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. గేటులోంచి బయటికి రాగానే లారీలూ వ్యాన్లూ ఎదురవుతాయి. ఆ నాలుగు వీధులూ తెలిసి ఉండటం మొదటి అయిదు నిమిషాల టెన్షన్‌ని సగం తగ్గిస్తుంది.

అక్కతో ప్రాక్టీస్ చేస్తూనే కొన్ని క్లాసులు ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర తీసుకున్నాను. మా దగ్గర గంటకి 40 పౌండ్ల దాకా ఉంటుంది. డబ్బు దండగ అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. మొదటి రోజు ఆయన నన్ను గంటసేపు నడపనిచ్చి, ఒక పక్కన ఆపించి అన్నమాట నాకిప్పటికీ గుర్తే. "నీకు కారు మీద పట్టు బాగా ఉంది. కానీ నీ వెనకాల ఏముందో నీకు తెలుసని నాకు తెలియడం లేదు" అన్నారు.

ఆ మాట మీద చాలా ఆలోచించాను. హైదరాబాద్‌లో మనం ఎదురుగా చూసి నడుపుతాం. వెనకవాడు హారన్ కొట్టి వస్తున్నానని చెబుతాడు, పక్కనుంచి దూరే బైకు కూడా హారన్ కొడుతుంది. లారీల వెనక హారన్ కొట్టమని రాసి ఉండే రోడ్ల మీద నడిపినవాళ్లం మనం. అద్దం చేయాల్సిన పని మన చెవులు చేస్తాయి. ఇక్కడ ఎవరూ హారన్ కొట్టరు. మోటార్‌సైకిల్ మీ కుడిపక్కన చప్పుడు లేకుండా ఉంటుంది, సైకిల్ ఎడమపక్కన ఉంటుంది. మీరు చూడకపోతే వాళ్లున్నారని చెప్పేవాళ్లు లేరు. నిర్లక్ష్యం వల్ల కాదు, మన రోడ్లు నేర్పిన పద్ధతి అది. ఇక్కడి రోడ్డుకి అది సరిపోదు, అంతే. డ్రైవింగ్ టెస్టులు నిర్వహించే డీవీఎస్‌ఏ సంస్థ ఏటా చెప్పే ఫెయిల్ కారణాల్లో ముందుండేవి కూడా ఇవే: జంక్షన్ దగ్గర సరిగ్గా చూడకపోవడం, దిశ మారేటప్పుడు అద్దాలు సరిగ్గా వాడకపోవడం. అనుభవం ఉన్న మనవాళ్లు ఫెయిలై అవమానంగా భావిస్తుంటే నాకు బాధేస్తుంది. వాళ్లకి నడపడం రాక కాదు, ఎవరూ వాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పలేదు.

ఇక ఎలా నేర్చుకున్నానో చెబుతాను. అద్దాలు జంటగా చూడాలి. ఎడమకి వెళ్లాలంటే లోపలి అద్దం, ఎడమ సైడ్ అద్దం. కుడికైతే లోపలి అద్దం, కుడి సైడ్ అద్దం. ఇండికేటర్ వేసేముందు, వేగం పెంచేముందు, తగ్గించేముందు, పార్క్ చేసి ఉన్న కారుని దాటేముందు, దాటి మళ్లీ ఎడమకి వచ్చేముందు. ఆగి ఉన్న చోటు నుంచి కదిలేముందయితే ఎడమ భుజం మీదుగా మొదలుపెట్టి, ఎడమ అద్దం, ఎదురు, లోపలి అద్దం, కుడి అద్దం, చివరికి కుడి భుజం మీదుగా బ్లైండ్ స్పాట్, అంటే అద్దాల్లో కనబడని చోటు. ఇదంతా కదలికలో భాగమైపోవాలి. నేను నడుపుతూ పైకే తెలుగులో చెప్పుకునేదాన్ని: "అద్దం, అద్దం, సిగ్నల్, ఇప్పుడు తిప్పు." అక్క పక్కన కూర్చుని వింటూ ఒకసారి గట్టిగా అంది: "సిగ్నల్ ఏసినంక అద్దం చూస్తే ఏం లాభం చెల్లె? ముందు చూసి ఏయాలె." ఆ వరస నాకు అంటుకున్నది ఆ మాటతోనే.

రౌండబౌట్లకి ఎక్కువ రోజులు పట్టింది. కుడివైపు నుంచి వచ్చేవాళ్లకి దారివ్వాలి, ఇది మనకీ తెలిసిన రూలే గానీ మన దగ్గర ఎవరు ముందు దూరితే వాళ్లదే దారి. ఇక్కడ సంకేతాలకి ఒక వరస ఉంటుంది. ఎడమకైతే ఎడమ లేన్, ఎడమ సిగ్నల్. నేరుగా అయితే మామూలుగా ఎడమ లేన్, వచ్చేటప్పుడు సిగ్నల్ లేదు. మన దారికి ముందున్న దారి దాటాక ఎడమ సిగ్నల్ వేసి బయటికి రావాలి. కుడికైతే కుడి లేన్, కుడి సిగ్నల్, బయటికొచ్చే ముందు మళ్లీ ఎడమ. గ్రిడ్ రోడ్డు మీద 60లో వస్తూ బోర్డు కనబడగానే లోపలి అద్దం చూసి బ్రేక్, మూడో గేరు, రెండో గేరు, అప్పటికే తల కుడికి తిరిగి ఉండాలి. ఖాళీ ఉంటే ఆగకుండా దూరిపోవాలి. దారి ఖాళీగా ఉన్నా ఆగిపోతే అదీ తప్పుగానే రాస్తారు. మనవాళ్లు టెస్ట్ అనగానే అతి జాగ్రత్తకి పోయి నలభై రోడ్డులో ఇరవై అయిదులో నడుపుతారు. అది పాస్ చేయదు. ఇక్కడ స్పీడు పరిమితి దాటినంత చెడ్డదే కారణం లేకుండా దేకడం కూడా.

నడిచే మనుషుల విషయం ఇంకా ముఖ్యం. 2022 జనవరిలో హైవే కోడ్, అంటే ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం, మార్చారు. మనం పక్క వీధిలోకి తిరుగుతుంటే, ఆ వీధి దాటడానికి మూల మీద నిలబడి ఉన్నవాళ్లకి కూడా మనం దారివ్వాలి. దాటుతున్నవాళ్లకే కాదు, దాటబోయేవాళ్లకి కూడా. సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఉండాలి. రోడ్డు మీద అందరికంటే బలహీనుడికి ముందు దారివ్వాలన్న ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. మా అమ్మ మోకాళ్ల నొప్పితో కూకట్‌పల్లిలో మెయిన్ రోడ్డు దాటడం తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది.

రివర్స్ పనులు మూడు రకాలుంటాయి, టెస్ట్‌లో వాటిలో ఒకటి చేయిస్తారు. రోడ్డు పక్కన పారలల్ పార్కింగ్, గళ్లలో బే పార్కింగ్, లేదా రోడ్డుకి కుడిపక్కన ఆపి రెండు కార్ల పొడవు వెనక్కి వెళ్లి మళ్లీ ట్రాఫిక్‌లో కలవడం. బే పార్కింగ్‌కి సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఒక మూల, జనం లేని పొద్దుటి పూట ప్రాక్టీస్ చేశాను. హైదరాబాద్ సెల్లార్లలో స్తంభాల మధ్య పెట్టినవాళ్లకి స్టీరింగ్ పని కష్టం కాదు. నెమ్మదిగా, క్లచ్ మీద, తల తిప్పి చుట్టూ చూస్తూ చేయడమే ఇక్కడ కావాలి. గీతకి కాస్త అటూఇటూ అయితే ముందుకెళ్లి సరిచేసుకోవచ్చు, దానికి ఫెయిల్ చేయరు.

సొంత కారులో టెస్ట్ ఇవ్వచ్చు. ఎల్ ప్లేట్లు, ఇన్సూరెన్స్, ఎగ్జామినర్ కోసం లోపల ఇంకో అద్దం ఉండాలి. గాజుకి అతుక్కునే చిన్న అద్దం దొరుకుతుంది. డాష్‌బోర్డ్‌లో వార్నింగ్ లైటు ఒక్కటి వెలుగుతున్నా టెస్ట్ పెట్టరు, కాబట్టి ముందు వారమే చూసుకోండి. మాన్యువల్‌లో పాసైతే రెండూ నడపచ్చు, ఆటోమేటిక్‌లో పాసైతే ఆటోమేటిక్ ఒక్కటే. మాన్యువల్ వచ్చినవాళ్లు దాన్ని వదులుకోవద్దని నా అభిప్రాయం.

టెస్ట్ రోజు అక్క వెంట వచ్చింది. ఎగ్జామినర్ పేరు పిలిచి, ప్రొవిజనల్ కార్డు చూసి, బయటికి తీసుకెళ్లారు. మొదటిది కళ్ల పరీక్ష: 20 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబర్ చదవాలి. అది చదవలేకపోతే టెస్ట్ అక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఒక ప్రశ్న: "బయల్దేరేముందు బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో ఎలా చూస్తారు?" పెడల్ మెత్తగా, వదులుగా ఉండకూడదు, కదలగానే ఒకసారి నొక్కి చూడాలి, బండి ఒక పక్కకి లాగకూడదు అని చెప్పాను. నడుపుతుండగా ఇంకోటి చేసి చూపించమంటారు, వెనక గాజు కడిగే వైపర్ వేయడం లాంటివి. ఆ ప్రశ్నలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే ఉంటాయి.

మొత్తం నలభై నిమిషాలు. అందులో కొంతసేపు సాట్‌నావ్ (దారి చెప్పే పరికరం) చెప్పినట్టో, బోర్డులు చూసుకుంటూనో మనంతట మనం వెళ్లాలి. నాకు సాట్‌నావ్ పెట్టారు. దారి తప్పినా తప్పు కాదు. అక్కడ ఎలా నడిపామన్నదే చూస్తారు. లేన్ తప్పిందని ఆఖరి క్షణంలో అడ్డంగా కోస్తే అది ఫెయిల్, తప్పు దారిలోనే సిగ్నల్ వేసి నిమ్మళంగా వెళ్లిపోతే ఏమీ కాదు. ఇది తెలిసి ఉంటే గుండెదడ సగం పోతుంది. హఠాత్తుగా బ్రేక్ వేయించే పరీక్ష అందరికీ రాదు, నాకు రాలేదు.

ఒక కాలనీలో కుడిపక్కన ఆపమన్నారు. ఇంటి గోడలకి ఆనుకుని నీలం రంగు చెత్త డబ్బాలు వరసగా ఉన్నాయి. ముందూ వెనకా చూసి, రివర్స్ వేసి, తల పూర్తిగా వెనక్కి తిప్పి నెమ్మదిగా కదిలాను. ఒక కారు పొడవు కూడా వెళ్లకముందే వెనక గాజులో ఒక పెద్దాయన కనబడ్డారు, కుక్కని పట్టుకుని రోడ్డు దాటడానికి ఫుట్‌పాత్ అంచున నిలబడ్డారు. క్లచ్, బ్రేక్ నొక్కేసి ఆగాను. ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. ఆయన నింపాదిగా దాటారు, కుక్క మధ్యలో ఆగి వాసన చూసింది, మళ్లీ కదిలింది. పక్కన ఎగ్జామినర్ తప్పేమీ రాసుకున్న అలికిడి లేదు. ఆయన అవతలి ఫుట్‌పాత్ ఎక్కాక మళ్లీ నాలుగు వైపులా చూసి మిగతా దూరం వెనక్కి వెళ్లాను. ఆ నెలల్లో చూడటం గురించి పడ్డ శ్రమంతా ఆ కాసేపట్లో అక్కరకొచ్చింది.

సెంటర్‌కి తిరిగొచ్చి ఇంజిన్ ఆపాక పాసయ్యానని చెప్పారు. మైనర్ తప్పులు 15 దాకా ఉన్నా పాసే. సీరియస్ గానీ డేంజరస్ గానీ ఒక్కటొచ్చినా ఫెయిల్. ఒకే మైనర్ పదేపదే చేస్తే అదీ సీరియస్ అవుతుంది. నాకు కొన్ని మైనర్లు వచ్చాయి, అందులో ఒకటి రౌండబౌట్ దగ్గర దారి ఉండగా ఆగినందుకు. ఫెయిలైనవాళ్లు మళ్లీ టెస్ట్‌కి కనీసం పది పనిదినాలు ఆగాలి. వెయిటింగ్ హాల్లో అక్క నన్ను చూసి లేచి నిలబడి, "అయిపాయె?" అంది. అవునంటే గట్టిగా పట్టుకుంది.

పాసవగానే ఒక సంగతి మర్చిపోకండి. చాలా లెర్నర్ ఇన్సూరెన్సులు పాసైన క్షణంతో చెల్లకుండా పోతాయి. సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని ఇంటికి నడుపుకొస్తే ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టే. కాబట్టి పార్కింగ్‌లోంచే ఫోన్ చేసి పాలసీ మార్పించుకోండి. నేను మార్పించుకునేదాకా కారు అక్క నడిపింది, తన ఇన్సూరెన్స్‌లో ఇతరుల కారు నడిపే వీలుందో లేదో ముందే కనుక్కున్నాం.

ఇక రెండేళ్ల దాకా ఇంకో రూల్ వెంట ఉంటుంది. మొదటి లైసెన్స్ వచ్చిన రెండేళ్లలో ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్స్ రద్దు. థియరీ, ప్రాక్టికల్ మళ్లీ మొదటి నుంచి. ఇండియాలో ఎన్నేళ్లు నడిపామన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. నడుపుతూ చేతిలో ఫోన్ పట్టుకుంటే పడేది 200 పౌండ్ల జరిమానా, సరిగ్గా ఆరు పాయింట్లు. అందుకే నేను కారెక్కేటప్పుడు ఫోన్ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టి, బ్యాగ్ వెనక సీట్లో పడేస్తాను. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసినా బండి ఆపాకే తీస్తాను, ఆవిడకీ ఆ సంగతి చెప్పి ఉంచాను.